కొండవాలుపై ఇంటికి అనుమతి ఇచ్చే ముందు వాలును కొలవాలి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో కొండవాలు స్థలాలు చూసుకుని ఇళ్లు కట్టుకోవాలనుకునే తెలుగు కుటుంబాలు మా చుట్టూ ఏటేటా పెరుగుతున్నాయి. సునాబెడ, దామన్‌జోడి కర్మాగారాల్లో పనిచేసి పదవీ విరమణ పొందినవారు, జయపురం, గుణుపురం పట్టణాల వ్యాపారులు, చల్లని గాలిని వెదుక్కుంటూ విశాఖపట్నం, విజయనగరం నుండి ఘాట్ రోడ్డెక్కి వస్తున్నవారు వీరిలో ఉన్నారు. వారి కోరికను నేను తప్పుపట్టడం లేదు. అయితే పత్రికల గృహనిర్మాణ పుటల్లో వస్తున్న కొండ ఇళ్ల బొమ్మలను చూస్తుంటే నాకు ఆందోళన కలుగుతోంది. సౌర ఫలకాలు, వాననీటి తొట్టె, అద్దాల వరండా ఉంటే చాలు, ఆ ఇంటికి పర్యావరణహితమన్న పేరు దక్కుతోంది. ఇంటి వెనక నిలువునా కోసిన కొండ మాత్రం ఆ బొమ్మల్లో ఎక్కడా కనిపించదు. ఈ జిల్లాల్లో రోడ్ల పనులు, భవనాల పనులు చేయించిన సివిల్ ఇంజినీరుగా చెబుతున్నాను: ఆ కోత ఎంత, దాని వెనక చేరే నీరు ఎటు పోతుంది అన్న రెండు ప్రశ్నలకు సమాధానం లేని ఇంటిని మిగిలిన హంగులేవీ కాపాడలేవు.

లెక్క చిన్నదే. 30 డిగ్రీల వాలు మీద, వాలు దిశలో 30 అడుగుల పొడవున్న ఇంటి కోసం మొత్తం స్థలాన్ని ఒకే మట్టానికి కోస్తే, వెనక గోడ దగ్గర కోత ఎత్తు 17 అడుగులు దాటుతుంది. ఇంటి వెడల్పు కూడా 30 అడుగులే అనుకుంటే తవ్వి తీయవలసిన మట్టి దాదాపు 7,800 ఘనపుటడుగులు. ట్రాక్టరు తొట్టికి 100 ఘనపుటడుగులు పట్టినా అది 78 తొట్ల మట్టి. తవ్విన మట్టి పొంగుతుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే ఉంటుంది. అదే ఇంటిని పదేసి అడుగుల మూడు మెట్లుగా విడదీసి, పడకగదులు పై మట్టంలో, వంట, భోజనం నడిమి మట్టంలో, ముందుగది కింది మట్టంలో అమర్చుకుంటే ఏ ఒక్క కోతా ఆరడుగులు దాటదు. తీసే మట్టి 2,600 ఘనపుటడుగులకు, అంటే మూడో వంతుకు తగ్గిపోతుంది. గదుల విస్తీర్ణం అంగుళమైనా తగ్గదు. పెరిగేది లోపలి మెట్ల సంఖ్య ఒక్కటే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఇంట్లో ఉంటే వారి గది, స్నానాలగది, వంటిల్లు ఒకే మట్టంలో వచ్చేలా ముందే ఆలోచించుకోవాలి. అది డిజైన్ పని, కొండను కోయడానికి సాకు కాకూడదు.

పొక్లెయిన్ గంటల లెక్కన అద్దెకు దొరుకుతున్న ఈ రోజుల్లో మెట్టు మెట్టుగా తవ్వడం కంటే ఒకేసారి కోసెయ్యడమే సులువని, చవకని యజమానులకు అనిపిస్తోంది. ఎండాకాలంలో ఎర్రమట్టి ఎంత నిలువుగా కోసినా అలాగే నిలబడుతుంది కాబట్టి ధైర్యం కూడా కలుగుతుంది. ఎండిన మట్టికి ఉన్న ఆ పట్టు నీరు దిగేకొద్దీ సడలిపోతుంది. మన దగ్గర పెద్ద తుఫాన్లు చాలాసార్లు అక్టోబరులో, అప్పటికే నాలుగు నెలల వానకు కొండ నానిపోయి ఉన్న సమయంలో వస్తాయి. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న దాటింది. అందుచేత వేసవిలో చెక్కుచెదరకుండా నిలిచిన కోతను చూసి పునాది వేసుకోవడం ప్రమాదం. ఇంతకంటే చెడ్డ అలవాటు, తవ్విన మట్టిని ముందువైపు వాలు మీదికి నెట్టి, ఆ వదులు మట్టి మీదనే ముందు వరండాను, కారు నిలిపే చోటును కట్టడం. ఇంట్లో సగం గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద కూర్చుంటుంది. పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, దాన్ని ఎంత దిమ్మిసా కొట్టినా వాలు మీద అది కిందికి జారాలనే చూస్తుంది. గోడల్లో ఏటవాలు పగుళ్లు వచ్చిన కొండ ఇళ్లలో నేను చూసిన వాటికి ఎక్కువగా ఇదే కారణం.

రాయి సంగతి కూడా తెలుసుకోవాలి. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న ఖోండలైటు పొరలు పొరలుగా ఉండే రాయి. అది త్వరగా శిథిలమై, మందపాటి ఎర్రని బంకమన్నుగా మారుతుంది. పక్కనే దొరికే చార్నొకైటు దృఢమైన రాయి. ఒకే కొండ మీద, కొన్ని గజాల దూరంలోనే, ఒక స్థలం బండమీద, మరొకటి ముప్పై అడుగుల మెత్తటి మట్టి మీద ఉండవచ్చు. ఖోండలైటు పొరలు కొండలోకి వంగి ఉంటే కొంత నయం. అవి వాలుతో పాటే బయటికి వంగి ఉంటే, కింది అంచును కోసినప్పుడు పై పొరకు ఆధారం పోయి, తడిసిన పలకల దొంతర జారినట్టు జారుతుంది. రోడ్డు కోసిన చోట, గెడ్డ (కొండవాగు) ఒడ్డున పొరలు ఎటు వంగాయో మామూలు మనిషికి కూడా కనిపిస్తుంది. స్థలం కొనే ముందు ఆ చుట్టుపక్కల ఒక పూట నడిచి చూడటం, మేస్త్రీల దగ్గర ఉండే నీటి గొట్టంతో మట్టాలు తీయించి వాలును కాగితం మీదికి ఎక్కించుకోవడం, రెండు మూడు చోట్ల గొయ్యి తీయించి గట్టి నేల ఎంత లోతున తగులుతోందో చూసుకోవడం ఖర్చుతో కూడిన పనులు కావు. చెట్ల మొదళ్లు వంగి, కొనలు మళ్లీ నిటారుగా పెరిగి కనిపిస్తే ఆ నేల మెల్లగా జారుతోందని అనుమానించాలి.

ఇక నీరు. ఈ విషయం మీద నేను కొంచెం ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే కొండ మీద ఇల్లు కూలిన చోటల్లా చివరికి తేలేది నీటి సంగతే. కొరాపుట్ ప్రాంతంలో ఏటా దాదాపు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 100 లీటర్లు. ఏడాదికి లక్షన్నర లీటర్లు. ఇది ఇంటి మీద పడే నీరు మాత్రమే. ఇంటికి పైనున్న వాలు మీద పడి కిందికి దిగే నీరు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, కనుక కోతకు పైన, కోత అంచు నుండి కొన్ని అడుగుల ఎడంగా, సిమెంటు పూత పెట్టిన ఒక అడ్డకాలువ తీసి ఆ నీటిని ఇంటికి రెండు వైపులా దాటించాలి. పూత లేని మట్టి కాలువ తవ్వితే అది నీటిని మోసుకుపోకపోగా నేరుగా కోత లోపలికే దింపుతుంది. అటువంటి కాలువ కంటే కాలువ లేకపోవడమే నయం.

కోతను ఆపడానికి కట్టే గోడ విషయంలో మన మేస్త్రీలు మందం గురించి ఆలోచిస్తారు గానీ, గోడ వెనక నిలిచే నీటి గురించి అంతగా ఆలోచించరు. గోడ వెనక మట్టి నీటితో నిండిపోతే గోడ మీద పడే తోపుడు పొడి మట్టి తోపుడుకు రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. అంటే, ఎండాకాలపు లెక్కకు సరిపోయేలా కట్టిన గోడ వానాకాలంలో సగం గోడతో సమానం. అందుకే గోడ వెనక ఒక అడుగు మందాన కంకర నింపి, అడుగున బెజ్జాల గొట్టం వేసి, గోడలో నాలుగైదు అడుగులకొకటి చొప్పున నీరు కారే బెజ్జాలు వదలాలి. మేస్త్రీలు వీటినే వీప్ హోల్స్ అంటారు. కంకరకూ మట్టికీ మధ్య, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే బెజ్జాలు పూడుకుపోవు. బెజ్జాల నుండి నీరు కారి గోడ మీద మరకలు పడుతున్నాయని వాటిని సిమెంటుతో మూయించిన యజమానులను చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. తీగ జాలీలో రాళ్లు నింపి పేర్చే గేబియన్ గోడలకు ఈ బాధ తక్కువ, నీరు దానంతటదే వాటిలోంచి కారిపోతుంది, కొద్దిగా కుంగినా పగలవు, స్థానికంగా దొరికే రాయితోనే పని జరుగుతుంది. కోసిన వాలు మీద వట్టివేరు నాటితే దాని వేళ్లు అడ్డంగా పాకకుండా నిట్టనిలువుగా, మూడు మీటర్ల దాకా దిగి పై మట్టిని పట్టి ఉంచుతాయి. అది లోతైన జారుడును ఆపలేదు, పైపై కోతను మాత్రం బాగా ఆపుతుంది.

ఎవరూ లెక్కలోకి తీసుకోని నీరు ఇంకొకటి ఉంది. అయిదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున వాడుకున్నా రోజుకు 500 లీటర్లు, ఏడాదికి 1,82,500 లీటర్లు. పైకప్పు మీద ఏడాది పొడవునా పడే వాన కంటే ఇది ఎక్కువ. ఈ నీటిలో చాలాభాగం సెప్టిక్ ట్యాంకు పక్కనున్న ఇంకుడు గుంత ద్వారా కొండ లోపలికే పోతోంది, అదీ వానలు లేని నెలల్లో కూడా. మైదానంలో మంచి పని అయిన ఇంకుడు గుంత కొండవాలు మీద, ముఖ్యంగా ఇంటికి ఎగువన గానీ ఆధార గోడ వెనక గానీ ఉంటే, నేలను లోపలి నుండి నానబెడుతుంది. స్నానాల నీటిని, వంటింటి నీటిని విడదీసి, రాళ్ల మధ్య మెట్టతామర వంటి మొక్కలు పెంచిన తొట్టెల గుండా పంపి, మెట్లుగా కట్టిన తోటకు కొద్దికొద్దిగా పారించుకోవచ్చు. మరుగుదొడ్డి నీటికి ఇంటికి దిగువన, గోడలకు దూరంగా చోటు చూడాలి. నాలుగైదు ఇళ్లు కలిసి ఒకే గొట్టం వేసుకుని మెత్తటి వాలు దాటిన తరువాత శుద్ధి చేసుకుంటే ఇంకా మంచిది. వాననీటిని నిలవ చేసుకునేవారు తొట్టె బరువును కూడా గుర్తుంచుకోవాలి. 10,000 లీటర్ల తొట్టె అంటే 10 టన్నులు. దాన్ని వాలు అంచున, పోసిన మట్టి మీద పెట్టరాదు. వెనకవైపు, గట్టి నేలను కోసిన చోట పెట్టాలి. తొట్టె నిండాక పొంగే నీటికి గొట్టం దారి లేకపోతే ఆ తొట్టె మేలు కంటే కీడే చేస్తుంది.

తిత్లీ తుఫాను నాడు గజపతి జిల్లా రాయగడ బ్లాకులోని బరఘర గ్రామస్థులు కొందరు వాన నుండి తలదాచుకోవడానికి కొండ గుహ వంటి చోట చేరగా, పైనుండి చరియ విరిగిపడి ప్రాణాలు కోల్పోయారు. (రాయగడ జిల్లా, గజపతిలోని రాయగడ బ్లాకు వేరువేరని దూరాన ఉన్న పాఠకులు గమనించగలరు.) ఆ విషాదం తుఫాను గాలి వల్ల వచ్చింది కాదు, పైనున్న కొండ నానడం వల్ల వచ్చింది. మహారాష్ట్రలో పుణె జిల్లా మాళిణ్ గ్రామం మీద 2014 జూలై 30న కొండ విరిగిపడి దాదాపు 150 మంది చనిపోయారు. సరిగ్గా పదేళ్లకు, 2024 జూలై 30న, కేరళలోని వయనాడ్‌లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల వాసులలో చాలామంది ఉన్నది నిటారు వాలు మీద కాదు, ఎక్కడో పైన విరిగిన కొండ బురదగా మారి ఏటి వెంట కొట్టుకొచ్చిన దారిలో. కనుక కొండ మీద ఇల్లు కట్టుకునేవారు తమ స్థలం హద్దుల లోపల మాత్రమే చూసుకుంటే చాలదు. ఎగువన ఏముందో చూడాలి, పక్కనున్న గెడ్డ ఎండిపోయి ఉన్నా దాని దారిని వదిలి దూరంగా కట్టాలి. గెడ్డ పక్కన దొరికే చదునైన స్థలం చూడ్డానికి అందంగానే ఉంటుంది, అయితే ఆ చదును పూర్వం ఎప్పుడో ఆ గెడ్డ తెచ్చిపోసిన రాళ్లతో, మట్టితో ఏర్పడినదే కావచ్చు.

ఈ విషయంలో నేర్చుకోవడానికి మనం హిమాలయాల దాకా వెళ్లనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ ఎవరి భాషను నేర్చుకుని ఎవరి పిల్లల చదువు కోసం పాటుపడ్డారో, ఆ సవర ఆదివాసులు గుణుపురం, పర్లాకిమిడి కొండల్లో తరతరాలుగా మెట్ల పొలాలు చేస్తున్నారు. సిమెంటు లేకుండా పేర్చిన రాతి కట్లు, వాలు వంపును అనుసరించి సాగే సన్నని మడులు, పై మడిలోని నీరు కింది మడిలోకి మెల్లగా దిగే ఏర్పాటు. ఆ కట్లలోంచి నీరు కారిపోతుంది కాబట్టే అవి నిలబడుతున్నాయి. ఒక్కొక్క కోత ఎత్తు తక్కువ, ఒక్కొక్క మెట్టు వెడల్పు తక్కువ. నేను పైన లెక్క కట్టి చెప్పిన మూడు మట్టాల ఇల్లు ఆ పొలాల పద్ధతికి దగ్గరగానే ఉంది. ఈ జిల్లాల్లో కొండ ఇళ్లకు నమూనాలు గీసే ఆర్కిటెక్టులు ముందుగా ఆ కొండలకు వెళ్లి, ఆ కట్లు పేర్చే పెద్దలతో మాట్లాడి, వారికి తగిన కూలి ఇచ్చి తమ పనుల్లో పెట్టుకోవాలని నా మనవి.

మెట్లుగా తవ్వడం కూడా ఇష్టం లేనివారు స్తంభాల మీద ఇల్లు నిలపవచ్చు. నేల దాదాపు అలాగే ఉంటుంది, నీరు ఇంటి కిందుగా పారిపోతుంది. అయితే ఎగువ స్తంభాలు పొట్టిగా, దిగువవి పొడుగ్గా ఉన్నప్పుడు నేల కంపిస్తే పొట్టి స్తంభాల మీదనే ఎక్కువ బలం పడి అవే ముందు విరుగుతాయి. మన దగ్గర భూకంప భయం హిమాలయాలంత లేకపోయినా, స్తంభాలను నేల మట్టంలోనూ మధ్యలోనూ దూలాలతో కలిపి కట్టడం తప్పనిసరి. గాలి సంగతి అంతకంటే ముఖ్యం. గాలి ఒత్తిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం, కొండ శిఖరాల దగ్గర గాలి వేగాన్ని మైదానపు వేగానికి 1.36 రెట్ల వరకు పెంచి లెక్క కట్టవలసి ఉంటుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ ఇంటి రేకుల మీద, అద్దాల మీద దాదాపు 85 శాతం ఎక్కువ ఒత్తిడి పడవచ్చు. శిఖరానికి కొంత దిగువన కట్టుకోవడం, రేకుల అంచులను చూరు దాటి ఎక్కువగా బయటికి రానివ్వకపోవడం, అంచుల్లో కొక్కీలను దగ్గర దగ్గరగా బిగించడం, సౌర ఫలకాల చట్రాన్ని దూలాలకే బిగించడం ఇందుకు తగిన జాగ్రత్తలు. అద్దాల వరండా మోజున్నవారు ఈ లెక్కను తమ ఇంజినీరును తప్పక అడగాలి.

పర్యావరణహితమన్న పేరుకు పత్రికలు సాధారణంగా చెప్పే మిగిలిన సంగతులను నేను తక్కువగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే అవి తెలిసినవే. ఇంటి పొడుగు కొండ వంపును అనుసరిస్తే కోత తగ్గుతుంది. దక్షిణం వైపు వాలు దొరికితే కొరాపుట్ జిల్లా సెమిలిగుడ చలిలో పగటి ఎండ గదుల్లోకి వస్తుంది. స్థానిక రాయి, సిమెంటు కొద్దిగా కలిపి ఒత్తిన మట్టి ఇటుకలు వాడుకోవచ్చు. ఆర్కిటెక్టు లారీ బేకర్ గారు మన దేశంలో ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడిలో, అంటే ఇటుకలను అంచు మీద నిలిపి మధ్యలో ఖాళీ వదిలి కట్టే పద్ధతిలో, ఇటుకల్లో పావు వంతు దాకా మిగులుతుంది. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సౌర విద్యుత్తుకు 78,000 రూపాయల రాయితీ ఉంది. ఇవన్నీ చేసుకోవలసినవే. అయితే 17 అడుగుల కోతను ఆపడానికి కట్టే కాంక్రీటు గోడలోనే ఈ పొదుపంతా హరించుకుపోతుందని మాత్రం మరువరాదు.

స్థలం కొనే విషయంలో ఒక హెచ్చరిక. కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా, గజపతి జిల్లాలో కొంత భాగం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఆదివాసీ ప్రాంతాలుగా ప్రకటించినవి. ఆదివాసుల భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా ఒడిశాలో 1956 నాటి రెండో నిబంధన అమలులో ఉంది. నోటిమాట మీద, తెల్లకాగితాల మీద కొండవాలు స్థలాలు అమ్మేవారిని నమ్మి కట్టుకున్న ఇల్లు చట్టం ముందు నిలవదు. అది న్యాయమైన చట్టమని, దాన్ని పక్కదారుల్లో దాటవేయడం ఆ కొండ మీద బతికేవారికి చేసే అన్యాయమని నా అభిప్రాయం.

భారతీయ ప్రమాణాల సంస్థ కొండ ప్రాంతాల్లో ఇంటి స్థలం ఎంపికకు 1995లో ఐఎస్ 14243, ఆధార గోడలకు 1997-98లో ఐఎస్ 14458 మార్గదర్శకాలను వెలువరించింది. అయినా కొండవాలు ఇంటి నమూనాను కూడా మైదానపు ఇంటి నమూనా లాగే పైనుండి చూసిన గీతలతో సమర్పించడం మా చుట్టూ ఇంకా చూస్తున్నాను. ఇప్పుడున్న నేల గీత, కోసిన తరువాత వచ్చే నేల గీత, నీటి కాలువలు, మురుగు నీరు వెళ్లే చోటు చూపే అడ్డుకోత పటం (ఇంటినీ కొండనూ నిలువునా కోసి పక్కనుండి చూసినట్టు గీసేది) లేనిదే పంచాయతీలు, పురపాలక సంఘాలు అనుమతి ఇవ్వకూడదు. పదడుగులు మించిన ఏ కోతకైనా ఇంజినీరు సంతకం చేసిన లెక్క ఉండాలి. జూన్ నుండి అక్టోబరు చివరి దాకా వాలు మీద మట్టి పని ఆపించాలి. దిగువవాడు తన స్థలంలో కోసిన కోత ఎగువవాడి ఇంటి పునాదిని కదిలిస్తుంది కాబట్టి, ఎగువ, దిగువ ఇళ్లవారికి ముందుగా తెలియజేసే ఏర్పాటు కూడా కావాలి.

పత్రికలకు నా విన్నపం ఒకటే. ఇకమీదట కొండ ఇంటి ఫొటో వేసినప్పుడల్లా దాని పక్కన ఆ ఇంటి అడ్డుకోత పటాన్ని, కోత ఎత్తును, నీటి దారిని కూడా ముద్రించండి. అవి ఇవ్వలేని ఇంటిని పర్యావరణహితమని రాయకండి. జిల్లా యంత్రాంగాలు వచ్చే వానాకాలం మొదలయ్యేలోగా ఇళ్ల వెనక ఇప్పటికే ఉన్న పెద్ద కోతలన్నిటినీ ఒకసారి తనిఖీ చేయించి, బెజ్జాలు లేని గోడలకు బెజ్జాలు వేయించాలని, పైవైపు అడ్డకాలువలు లేని చోట్ల వాటిని తీయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
కొరాపుట్, ఒడిశా